దాలమ్మ హస్తవాసి

రేగులవలసలో ఆ రోజుల్లో దాలమ్మ కాళ్ళ మీద పడుకోకుండా పెరిగిన పిల్ల ఒక్కటీ లేదు. పురుడు ఎవరు పోసినా సరే, మూడో రోజు నుంచీ పిల్లకి నూనె పెట్టి, కాళ్ళూ చేతులూ సాగదీసి, తల గుండ్రంగా కుదిరేలా ఒత్తి, వేడినీళ్ళు పోసే పని ఆవిడదే. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బారజాపి కూర్చుందంటే ఆ ఇంటి పెద్దల మాట కూడా అక్కడ చెల్లేది కాదు. పిల్ల ఏడుపు అందుకుంటే ఆవిడ తిట్లు అందుకునేది. ఊళ్ళో ఎవడి తలైనా కాస్త సొట్టగా కనిపిస్తే, వాడు దాలమ్మ పుట్టింటికి వెళ్ళిన నెలలో పుట్టాడని చెప్పుకుని నవ్వుకునేవారు.

పసిపిల్లలే కాదు. మెడ పట్టేసినవాళ్ళు, చెయ్యి బెణికినవాళ్ళు, ధాన్యం బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నవాళ్ళు, అందరూ ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారు. తల్లి అసిరమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అది. బొటనవేలితో నరం వెంబడే వెతుక్కుంటూ పోయి, ముడిపడ్డ చోట టక్కున ఆగి, "ఇదిగో, దొంగ ఇక్కడ దాగున్నాది" అనేది. దాలమ్మ హస్తవాసి మంచిదని చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు అనేవారు. దాలమ్మ కూడా అలాగే అనుకునేది. ఆ గర్వమే ఆవిడని ముంచిందని తరవాత కొందరు అన్నారు. అన్నవాళ్ళ నోట్లో మన్ను పడ. ముంచింది గర్వం కాదు.

దాలమ్మ పెనిమిటి ఎల్లాజీ ఆవిడకి మేనమామ కొడుకు. మిలిటరీలో సిపాయి. అరవై ఐదు యుద్ధంలో ఎడమ కాలి పిక్కలో గుండు ముక్కలు దిగి నరం తెగింది. ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి, తియ్యగలిగిన ముక్కలు తీసి, తియ్యలేనివి లోపలే వదిలేసి, ఈ మనిషి నూటికి నలభై వంతులు అవిటివాడని కాగితం మీద రాసి, పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. చీపురుపల్లి స్టేషనులో కర్ర సాయంతో రైలు దిగిన మొగుడి మొహం కంటే ముందు దాలమ్మ ఆ కాలినే చూసింది. నార ఒలిచేసిన గోగుపుల్లలా ఉంది పిక్క. అయినా పైకి మాత్రం, "ఇంతేనేటి! ఈ కాలు నాకొదిలీ బావా, నాను సూసుకుంటాను" అంది.

వాళ్ళకి ఉన్నది చెరువు కింద ఒక ముక్క మడి, మెట్ట మీద కాస్త చోడి, అంటే రాగి, చేను. మెట్ట మీద ఎల్లాజీ ఎలాగో కుంటుకుంటూ తిరిగేవాడు. మడిలో దిగితే మాత్రం కథ వేరు. బురదలో దిగిన ఎడమ కాలు తనంతట తాను పైకి వచ్చేది కాదు. రెండు చేతులతో పట్టుకుని ఊడబెరుక్కోవలసి వచ్చేది. రెండు అడుగులు వేసేసరికి పిక్క రాయిలా బిగుసుకుపోయి, ఆ మనిషి నాగలి వదిలి గట్టు మీద పడిపోయేవాడు. అందుకని దమ్ముకీ ఊడుపుకీ సోములు అనే పాలేరుని పెట్టుకున్నారు. సోములుని పెట్టుకోగలిగింది పింఛను వల్లే. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు రెండు పూటలా తిన్నదీ దాని వల్లే. ఒక్క మాటలో చెప్పాలంటే, ఎల్లాజీ బురదలో దిగకుండా ఆపుతున్నది ఆ పింఛనే.

అయితే ఆ పింఛను రెండేళ్ళకే ఇచ్చారు. ఆ సంగతి ఎల్లాజీకి తెలుసు. తెలిసీ మరిచిపోయాడు.

అరవై ఎనిమిది మాఘంలో కాగితం వచ్చింది. ఇంగ్లీషు కాగితం. ఊళ్ళో ఇంగ్లీషు తెలిసినవాడు మిషన్ బడి మేష్టారు జ్ఞానానందం ఒక్కడే. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పంచెతో తుడుచుకుని, కాగితం రెండుసార్లు చదివాడు.

"వైశాఖంలో నిన్ను బోర్డు ముందుకి రమ్మన్నారు ఎల్లాజీ. పెద్ద డాక్టర్లు నీ కాలు మళ్ళీ పరీక్ష చేస్తారు. రైలుకి వారంటు పంపించారు, టిక్కెట్టు కొననక్కరలేదు. తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చు."

"పరీచ్చ చేసి ఏటి చేస్తారు మేష్టారూ?" అంది దాలమ్మ.

"పింఛను ఉంచాలో, తగ్గించాలో, తీసెయ్యాలో అప్పుడు చెప్తారట."

"ఇచ్చినదాన్ని తీసీడమేటి బాబూ?"

మేష్టారు కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "అది రాయలేదమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి దాలమ్మకి కంటికి కునుకు కరువైంది. చీపురుపల్లి సంతకి వెళ్ళివచ్చిన ప్రతివాడూ ఒక కబురు మోసుకొచ్చేవాడు. కరువొచ్చి సర్కారు బొక్కసం ఖాళీ అయిందట, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళ పింఛన్లన్నీ సగానికి కోసేస్తారట. కాదు, కాలూ చెయ్యీ పూర్తిగా పోయినవాళ్ళకే ఉంచుతారట. అదీ కాదు, ఇంకో ఏడాది దాకా ఎవరినీ ముట్టుకోరట. ఒకడు చెప్పింది ఇంకొకడు కాదనేవాడు. ఎవడికీ నిజం తెలియదు, అయినా ఒక్కడూ నోరు మూసుకోడు. దాలమ్మ ఒక్కొక్కరి మాటా విని ఒక్కొక్క రకంగా భయపడేది.

ఎవరిని అడిగినా తేలకపోయేసరికి ఆవిడ తనకి తెలిసిన లోకంలోనే జవాబు వెతుక్కుంది. ఎవరైనా చేసేది అదే కదా.

దాలమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో బుగత గారి దూడలుండేవి. బుగత అంటే ఆ ఊరి భూస్వామి. ఆయన దూడని బీదవాళ్ళ ఇంట్లో సగంపాలుకి ఇచ్చేవాడు. వీళ్ళు మేపాలి, కడగాలి, పెంచాలి. అది ఈనితే లాభంలో సగం వీళ్ళది. ఏడాదికోసారి బుగత తనే వచ్చి దూడని చూసుకునేవాడు. డొక్కల మీద చెయ్యి వేసి నిమిరేవాడు. ఎముకలు చేతికి తగిలాయో, మారు మాట లేకుండా దూడని విప్పించి వేరే ఇంటికి తోలించేవాడు. నున్నగా ఉంటే ఇంకో ఏడాది ఉంచేవాడు. అందుకే బుగత వస్తాడంటే నెల ముందు నుంచీ అసిరమ్మ తాము తాగే గంజి కూడా దూడకే పోసేది. వచ్చే రోజున కడిగి, కొమ్ములకి నూనె రాసేది. ఏడేళ్ళ దాలమ్మ ఆకలితో ఏడుస్తూ చూసేది.

"ఇదీ అంతే బావా" అంది ఒక పొద్దున్న, చోడి అంబలి మొగుడి ముందు పెడుతూ. "సర్కారు నిన్ను నాకు మేపుకిచ్చినాది. మేతకి డబ్బు పంపిస్తన్నాది. ఇప్పుడు సక్కగా సూసుకున్నానో నేదో సూడ్డానికి రమ్మన్నాది."

ఎల్లాజీ నవ్వాడు. "నానేటి దూడనా?"

"దూడైతే నా మాటినును."

"కాదే దాలీ, కాలు బాగుంటే ఇంక పింఛనెందుకని అంటారేమోనే."

"సిక్కిపోయిన దూడని సూసి ఏ బుగతైనా ఇంకో ఏడాది ఉంచినాడేటి? డబ్బంతా ఇంటోళ్ళే తినీసి మనిసిని గాలికొదిలీసినారంతారు. అప్పుడు తీసెస్తారు."

ఎల్లాజీ అంబలి తాగి గిన్నె పక్కన పెట్టాడు. ఆవిడ మాట తప్పని చెప్పడానికి అతని దగ్గర ఆధారం ఏదీ లేదు. పైగా సిపాయిగా బతికిన మనిషి. పెద్ద ఆఫీసర్ల ముందు కుంటుకుంటూ నిలబడాలంటే సిగ్గు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టర్లు, బాగా కోలుకోవాలి, కాలుకి పని చెప్పాలి అని పోరేవారు. మరి కోలుకుంటే వాళ్ళకి సంతోషమే కదా అనుకున్నాడు. "సర్లే, నీ ఇష్టం" అన్నాడు.

మర్నాడే దాలమ్మ శృంగవరపుకోట సంతకి బయలుదేరింది. కొండవాళ్ళు దింపే ఇప్పనూనె అక్కడే దొరుకుతుంది. రెండు సీసాలు తెచ్చింది. అందులో నువ్వులనూనె కలిపి, వావిలాకు వేసి కాచింది. గోగునారతో సన్నని తాడు పేని, మొగుడి పిక్క చుట్టూ తిప్పి, కలిసిన చోట ముడి వేసింది. "పక్షానికో ముడేస్తాను, సూసుకో" అంది.

ఇక మూడు నెలలు ఆ కాలికి సెలవు లేదు. తెల్లారగానే ఒకసారి, పొద్దు వాలేక ఒకసారి. పీట మీద కూర్చుని మొగుడి కాలు తన ఒళ్ళో పెట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టేది. లోపల ఇనుపముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆవిడ వేళ్ళకి తెలుసు. వాటిని తప్పించుకుంటూ, చచ్చిన కండని పిసికి పిసికి, వావిలాకుతో కాపడం పెట్టేది. ఎల్లాజీ పళ్ళు బిగబట్టి కేకలేసేవాడు. పసిపిల్లల్ని తిట్టినట్టే ఆవిడ మొగుడినీ తిట్టేది. తన గిన్నెలోని ఉలవగుగ్గిళ్ళు అతని గిన్నెలోకి వంపేసేది. పిల్లలకి పొయ్యవలసిన పాలు కూడా కొన్నాళ్ళు అతనికే పోసింది. పిల్లలు చూస్తూ ఉండేవారు. ఆ చూపు దాలమ్మకి తెలుసు. తెలిసీ మొహం తిప్పుకునేది.

పక్షం తిరిగేసరికి తాడు మొదటి ముడి దగ్గర కలవలేదు. రెండో ముడి వేసింది. తరవాత మూడోది. చైత్రం వెళ్ళేసరికి ఆ తాడుకి ఆరు ముడులు. పిక్క మీద కండ పట్టింది, చర్మానికి నిగారింపు వచ్చింది. గుమ్మం ముందు కర్ర లేకుండా పది అడుగులు వేశాడు ఎల్లాజీ. దాలమ్మ ఆ తాడు పట్టుకుని వీధి వీధీ తిరిగి చూపించింది. ఇంత సంతోషం ఆవిడకి పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

నొప్పి పోలేదు. ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు. పది అడుగులు వేసి లోపలికి వచ్చి గోడకి జేరబడితే, ఆ కాలు గంటసేపు తనలో తాను వణుకుతూనే ఉండేది. నిండుగా కనిపిస్తున్న కండ వెనక నరం ఎప్పటిలాగే తెగి ఉంది. తెగిన నరాన్ని దాలమ్మ చెయ్యి కాదు కదా, దేవుడి చెయ్యి కూడా అతకలేదు.

బయలుదేరే ముందు రోజు జ్ఞానానందం మేష్టారు వీళ్ళింటికి వచ్చాడు. ఎల్లాజీ గర్వంగా కాలు చాపి చూపించాడు. మేష్టారు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆయన మనసులో ఒక అనుమానం మెదిలింది. కానీ ఏమని చెప్తాడు? మొగుడి కాలు బాగుచేయకమ్మా అని ఒక ఆడమనిషికి చెప్పే నోరు ఆయనకి లేదు. చెప్పినా అది నిజమో కాదో ఆయనకీ తెలియదు. "ప్రభువు చూసుకుంటాడు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఊరుకున్నందుకు తరవాత ఆ మనిషి ఎంత కుమిలిపోయాడో ఆయన భార్యకి తెలుసు.

రెండు రైళ్ళు మారి, వాళ్ళకి భాష తెలియని ఒక కంటోన్మెంటు ఊళ్ళో దిగారు. ఆసుపత్రి వరండాలో బోర్డు కోసం వచ్చినవాళ్ళు ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఒకడికి చెయ్యి లేదు. ఒకడు రెండు చంకల్లోనూ కర్రలు పెట్టుకుని గోడకి వేలాడుతున్నాడు. చాలామంది గడ్డాలు పెరిగి, బట్టలు మాసి, చూడటానికే దీనంగా ఉన్నారు. దాలమ్మకి జాలేసింది. పాపం, వీళ్ళని ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు, వీళ్ళ పింఛన్లు ఈ రోజుతో సరి, అనుకుంది. అనుకుని, పక్కనే గీసిన గడ్డంతో, చలవ పంచెతో, నూనెతో నిగనిగలాడే కాలితో కూర్చున్న తన మొగుడిని మురిపెంగా చూసుకుంది.

లోపలికి పిలవగానే ఎల్లాజీ కర్ర అందుకోబోయాడు. దాలమ్మ లాగేసుకుంది. "దీంతోటి యెల్తావేటి? నా పరువు తీస్తావు" అంది.

సగం తలుపు మీదుగా లోపలిది కనిపిస్తూనే ఉంది. ముగ్గురు డాక్టర్లు. మధ్యలో తెల్లమీసాల పెద్దాయన. హిందీలో గట్టిగా ఒక మాట అనగానే ఎల్లాజీ సిపాయిలా నిటారుగా నిలబడ్డాడు. పెద్దాయన టేపు తీసి కుడి పిక్క కొలిచాడు, ఎడమ పిక్క కొలిచాడు. దాలమ్మ తన నడుంలో దోపుకున్న గోగుతాడుని తడుముకుని నవ్వుకుంది. తరవాత నడవమన్నారు. నున్నటి సిమెంటు గచ్చు. ఆ గోడ నుంచి ఈ గోడకి ఎల్లాజీ నడిచాడు. పళ్ళు బిగబట్టి నడిచాడని దాలమ్మకి వెనక నుంచి కూడా తెలిసింది. కానీ నడిచాడు. బురదలో నడిపించి చూడాలని ఆ ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అక్కడ బురద లేదు కదా.

పెద్దాయన పాత కాగితం చూశాడు, కాలు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. ఏదో అడిగాడు. ఎల్లాజీ తలుపు వైపు చెయ్యి చూపించాడు. పెద్దాయన లేచి స్వయంగా తలుపు దగ్గరికి వచ్చాడు. దాలమ్మ కంగారుగా కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

వెనకే వచ్చిన ఆర్డర్లీ నరసింగరావు తెలుగువాడే. "ఈ కాలు ఇంత బాగా అవడం నేనెక్కడా చూళ్ళేదు, ఏ ఆసుపత్రిలో చేయించేరు అని అడుగుతున్నారమ్మా" అన్నాడు.

దాలమ్మ నూనె ఇంకిపోయి నల్లబడ్డ రెండు అరచేతులూ చాపి చూపించింది. పెద్దాయన ఆ చేతుల వంక చూసి, తల ఊపి, "శభాష్" అన్నాడు. ఆ ఒక్క మాటా దాలమ్మకి అర్థమైంది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. ఆవిడ బతుకులో అంత పెద్దమనిషి మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ డాక్టరు చెడ్డవాడు కాడు. అది చెప్పకపోతే పాపం. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. లోపలికి వెళ్ళి చూసింది చూసినట్టు రాశాడు.

పెద్దాయన లోపలికి వెళ్ళాక నరసింగరావు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఆ కర్ర ఎందుకు బయట పెట్టించేవమ్మా?" అన్నాడు.

"ఆయనకి ఇంక కర్రెందుకు బాబూ?" అంది దాలమ్మ నవ్వుతూ.

నరసింగరావు ఆవిడ మొహం వంక చూసి, తరవాతి పేరు పిలవడానికి వెళ్ళిపోయాడు.

ఊరు చేరాక ఒక నెల దాలమ్మ నేల మీద నడవలేదంటే నమ్మండి. శభాష్ అన్నాడన్న సంగతి ఎవరు అడిగినా చెప్పేది, అడగకపోయినా చెప్పేది. ఎల్లాజీ మాత్రం రోజూ పొద్దున్నే వీధి గుమ్మంలో కూర్చుని పోస్టుమేను వచ్చే దారి చూసేవాడు. ఒక్కోసారి ఉన్నట్టుండి, "ఏటంటారో మరి" అనేవాడు. "ఏటంటారు? ఇంకో రెండేళ్ళంటారు" అనేది దాలమ్మ. అంటూనే గుమ్మం దాకా వచ్చి తనూ ఆ దారి వైపు చూసేది.

ఆషాఢంలో తొలకరి పడింది. దుక్కి ఎప్పుడు మొదలుపెడదామని అడగడానికి సోములు వచ్చిన రోజే కాగితం కూడా వచ్చింది. అందరూ కలిసి మేష్టారి అరుగు దగ్గరికి వెళ్ళారు. మేష్టారు ఒకసారి చదివి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నూటికి నలభై ఉండేది. ఇప్పుడు పదిహేనని రాశారు. ఇరవై కంటే తగ్గితే పింఛను ఇవ్వరట. కాలు బాగా మెరుగుపడింది, అందువల్ల పింఛను నిలిపివేస్తున్నాం అని ఉంది."

సోములు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. దాలమ్మ ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అడిగింది.

"బాగయినాదని తీసెసినారా?"

"అవునమ్మా."

"మరి బాగయినాదని మెచ్చుకున్నాడే బాబూ. నా సేతులు సూసి మెచ్చుకున్నాడే."

మేష్టారు తల దించుకున్నాడు.

"ఆళ్ళకి తెలీదేటి, అది పైకే బాగున్నాదని? లోపల అలగే ఉన్నాదని? బావా, సెప్పవేటి? నొప్పెడతాదని అక్కడ సెప్పలేదా?"

"అడగలేదే" అన్నాడు ఎల్లాజీ. "ఎలగున్నావని అడిగినారు. బాగున్నానన్నాను."

దాలమ్మ తన చేతుల్ని తనే చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టు కొంగు కింద దాచేసుకుంది. ఆ పూట ఇంటికి వచ్చి ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. నా చేతులారా చేశాను, నేనే నీ పింఛను పిసికి చంపేశాను, అని తల బాదుకుంది.

చీపురుపల్లిలో కూర్మయ్య అని ఒక రిటైరైన హవల్దారు ఉండేవాడు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళకి అర్జీలు రాసిపెట్టేది ఆయనే. అంతా విని, ఎల్లాజీ పిక్కని వేళ్ళతో నొక్కి చూసి నిట్టూర్చాడు.

"అప్పీలు రాస్తాను. మళ్ళీ బోర్డుకి పిలుస్తారేమో. పిలవరేమో. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఏదీ నా చేతిలో లేదు. కానీ ఒక మాట సెప్తాను ఇను సెల్లీ. పిలిచినా ఈ కాలు ఏసుకుని ఎల్తే లాభం నేదు. ఆళ్ళు కొలిచేది కండనే. నొప్పిని కొలిచే టేపు ఆళ్ళ దగ్గర నేదు. నూనె మానీ. కాలుని దాని మానాన దాన్ని వదిలీ."

"ఎండిపోనిమ్మంతావేటి అన్నా?"

"నానేటి అంతాను. ఆళ్ళు అలగ అంతన్నారు."

ఇంటికి వచ్చి దాలమ్మ మిగిలిన సీసా అటక మీద పెట్టింది. మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు మొగుడు కాలు పట్టుకుని మూలుగుతుంటే ఉండబట్టలేక సీసా దించింది. ఎల్లాజీ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "సీసా ముట్టినావంటే నా మీద ఒట్టే" అన్నాడు. మొగుడి మీద ఒట్టు దాటే ఆడది కాదు దాలమ్మ. సీసా తీసుకెళ్ళి పొరుగింటి తవిటమ్మకి ఇచ్చేసింది.

సోములు ఇంకో ఇంట పాలేరుగా కుదిరిపోయాడు. పోయే రోజున, "నానేటి సెయ్యను, నాకూ పిల్లలున్నారు" అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అతన్ని తప్పు పట్టేందుకు ఏముంది? వానలు ఆగవు. మడి ఆగదు. ఎల్లాజీ కచ్చ బిగించి బురదలో దిగాడు.

దాలమ్మ గట్టు మీద నారుకట్టలు పేర్చుకుంటూ చూసేది. నాగలి మేడి మీద బరువంతా మోపి, కుడి కాలు ముందుకు వేసి, ఆగి, వంగి, రెండు చేతులతో ఎడమ కాలిని బురదలోంచి లాక్కుని ముందు పెట్టుకునేవాడు. ఒక చాలుకి ఎన్నిసార్లు వంగేవాడో. ఎద్దులు కూడా ఆ మనిషి నడక తెలుసుకుని ఆగి ఆగి నడిచేవి. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి మంచం మీద వాలి, అలవాటు కొద్దీ కాలు ఆవిడ వైపు చాపేవాడు. వెంటనే గుర్తొచ్చి వెనక్కి లాక్కునేవాడు. ఆ లాక్కోవడం చూడలేక దాలమ్మ పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఇంకొకరి ఇళ్ళలో మాత్రం ఆవిడ చేతులకి పని ఆగలేదు. ఆ భాద్రపదంలో తవిటమ్మ కోడలు చిన్నతల్లికి ఆడపిల్ల పుట్టింది. దాలమ్మ పీట మీద కూర్చుని పిల్లకి నూనె రాస్తోంది. తను ఇచ్చేసిన సీసాలోని నూనే అది. పిల్ల కాళ్ళు బలంగా తన్నుతోంది. "నీ సెయ్యి పడితే మోడైనా సిగురిస్తాది దాలమ్మా" అంది తవిటమ్మ మురిసిపోతూ. దాలమ్మ చేతులు ఆగిపోయాయి. ఎప్పుడూ పిల్లని తిడుతూ నీళ్ళు పోసే మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా అనకుండా పోసి, పొత్తిగుడ్డలో చుట్టి ఇచ్చి, ఇంటికి వచ్చేసింది.

ఎల్లాజీ మడి నుంచి అప్పుడే వచ్చి మంచం మీద పడుకున్నాడు. ఎడమ కాలు మోకాలి దాకా బురద ఎండి చిట్లి ఉంది. పిక్క దానంతట అదే ఎగిరెగిరి పడుతోంది. నొప్పి ఆగక పంచె అంచు నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడని చూసి పంచె తీసేశాడు.

"ఇయాళ పున్నం కాదేటి? తాడు తే" అన్నాడు.

ఇప్పుడు పక్షానికోసారి అతనే అడిగి కొలిపించుకుంటున్నాడు. అప్పుడు ఆ తాడు ఎంత చాలకపోతే అంత సంతోషం. ఇప్పుడు ఎంత మిగిలితే అంత ఆశ. దాలమ్మ చూరులోంచి గోగుతాడు తీసి, తడిగుడ్డతో కాలి బురద తుడిచి, పిక్క చుట్టూ తిప్పింది.

తాడు ఆరో ముడి దగ్గరే కలిసింది. వైశాఖంలో ఎక్కడుందో అక్కడే. గట్టిగా బిగించి చూసింది. అక్కడే. నూనె లేక కాలు చిక్కుతుందనుకుంటే, రోజంతా బురదతో పెనుగులాడి ఆ కండ రాయిలా నిలబడిపోయింది. తిండికి మడిలో దిగక తప్పదు, దిగినన్నాళ్ళూ ఇది చిక్కదు, చిక్కకపోతే పింఛను రాదు. ఆ సంగతి దాలమ్మకి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. ఆవిడ వేళ్ళకే తెలిసిపోయింది.

"ఏటే, మాటాడవు? తగ్గినాదా?" అన్నాడు ఎల్లాజీ, కళ్ళు మూసుకునే.

ముడి మీద బొటనవేలు అదిమిపెట్టి, దాలమ్మ మొగుడి మొహం వంక చూసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మనిషికి అబద్ధం చెప్పి ఎరగదు.

"తగ్గినాది బావా" అంది. "ఐదో ముడి దగ్గరికొచ్చినాది."

"నిజంగా?"

"నిజంగానే. సిక్కుతన్నాది."

ఎల్లాజీ మొహం విచ్చుకుంది. "సూసినావా, నాన్సెప్పలేదూ" అని అటు తిరిగి పడుకున్నాడు. దాలమ్మ తాడు విప్పి, మడతపెట్టి, మళ్ళీ చూరులో దోపింది.